క్వాంటం శాస్త్ర పునాదులు, క్రైస్తవ ప్రసంగ వేదిక: జాన్ పోల్కింగ్‌హార్న్ గ్రంథము ఆధారముగా ఒక విమర్శ

ఉపోద్ఘాతము

2025తో క్వాంటం యాంత్రికశాస్త్రమునకు నూరేండ్లు నిండినవి. 1925 జూలైలో వెర్నర్ హైజెన్‌బర్గ్ సమర్పించిన వ్యాసమును ఆరంభముగా లెక్కించి ఐక్యరాజ్యసమితి 2025ను అంతర్జాతీయ క్వాంటం శాస్త్ర సాంకేతిక సంవత్సరముగా ప్రకటించెను. నేడు మన చేతిలోని ఫోనులోని చిప్పులు, లేజరు కిరణములు, ఆసుపత్రులలోని ఎమ్మారై యంత్రములు అన్నియు ఈ శాస్త్రము మీదనే ఆధారపడి యున్నవి. దాని లెక్కలు నేటివరకు ఏ ప్రయోగములోను తప్పు అని తేలలేదు. అయినను ఆ లెక్కలు లోకమును గూర్చి ఏమి చెప్పుచున్నవన్న విషయములో శాస్త్రజ్ఞులలోనే ఏకాభిప్రాయము లేదు.

ఈ అంగీకారలేమిలోనికి క్రైస్తవ ప్రసంగీకులును ప్రవేశించిరి. మన సభలలోను, యౌవనుల కూటములలోను మూడు వాదనలు తరచుగా వినబడుచున్నవి. మొదటిది: పరిశీలకుడు లేనిదే లోకము లేదని క్వాంటం శాస్త్రము నిరూపించినది గనుక నిత్య పరిశీలకుడైన దేవుడు ఉన్నాడని రుజువైనది. రెండవది: కాంతి తరంగమును కణమును అయి యున్నది గనుక త్రిత్వము, క్రీస్తు యొక్క రెండు స్వభావములు శాస్త్రసమ్మతములు. మూడవది: పరమాణువులలో జరుగు సంగతులకు కారణము లేదని తేలినది గనుక ఆ సందులోనుండి దేవుడు లోకమును నడిపించుచున్నాడు.

ఈ మూడింటిని మేము ఈ వ్యాసములో పరీక్షింపదలచితిమి. బలహీనమైన ఉదాహరణలను ఏరుకొని ఖండించుట సులభము, గాని అందువలన ప్రయోజనము తక్కువ. కాబట్టి ఈ రంగములో మిక్కిలి సమర్థుడైన జాన్ పోల్కింగ్‌హార్న్ 2007లో ప్రకటించిన "క్వాంటం ఫిజిక్స్ అండ్ థియాలజీ: ఏన్ అనెక్స్‌పెక్టెడ్ కిన్‌షిప్" అను గ్రంథమును ఎదుట నుంచుకొని మాటలాడుదుము. మా అభిప్రాయమును ముందుగానే చెప్పుచున్నాము: పై మూడు వాదనలును నిలువవు. అవి శాస్త్రమునకు మాత్రమే కాదు, మన సిద్ధాంతమునకు కూడ హాని చేయుచున్నవి.

1. గ్రంథకర్త, గ్రంథము

పోల్కింగ్‌హార్న్ 1930లో జన్మించి 2021లో ప్రభువునందు నిద్రించెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో గణిత భౌతికశాస్త్ర ఆచార్యుడుగా పనిచేసి, 1979లో ఆ పదవిని విడిచి ఆంగ్లికన్ సంఘములో పరిచర్యకు సిద్ధపడెను. 1982లో గురువుగా అభిషేకము పొందెను. 2002లో టెంపుల్టన్ బహుమానము ఆయనకు లభించినది. శాస్త్రమును బయటినుండి చూచి వ్రాసినవాడు కాడు. కణ భౌతికశాస్త్రములో పరిశోధన చేసినవాడు. ప్రసంగ వేదికను దూరమునుండి చూచినవాడును కాడు. గ్రామ సంఘమునకు కాపరిగా నుండినవాడు.

ఆయన వాదము సంగ్రహముగా ఇది. శాస్త్రజ్ఞుడును వేదాంతియు ఇద్దరును తమ అనుభవములోనికి వచ్చిన సత్యమునకు లోబడి, క్రిందినుండి పైకి ఆలోచించుచు, తమ పాత భావములను దిద్దుకొందురు. 1900లో మాక్స్ ప్లాంక్, 1905లో ఐన్‌స్టయిన్ కనుగొన్న సంగతులు పాత భౌతికశాస్త్రములో ఇమడలేదు. పాతికేండ్లు గందరగోళము నడచినది. 1925, 1926 సంవత్సరములలో క్రొత్త సమన్వయము కలిగినది. అయినను కొలతను గూర్చిన సమస్య వంటివి మిగిలియున్నవి. అదే విధముగా నజరేయుడైన యేసునందు ఆదిమ సంఘము ఎదుర్కొన్నది పాత మాటలలో ఇమడలేదు. శతాబ్దముల పోరాటము తరువాత నీకయ, కల్కెదోను సభలలో సమన్వయము కలిగినది. అయినను మర్మము మిగిలియున్నది. ఈ పోలికనే ఆయన రెంటి మధ్య బంధుత్వమని పిలిచెను.

ఈ గ్రంథములోని వినయమును, నిజాయితీని మేము గౌరవించుచున్నాము. పోలిక నిరూపణ కాదని ఆయనకు తెలియును. కాని ఆయన పుస్తకమును చదివి, లేక దానిని గూర్చి విని, ప్రసంగించువారు ఆ హద్దును నిలుపుకొనుట లేదు. ఆయన పోలికలోనే ఒక లోపము గలదని కూడ మా తలంపు. దానిని చూపుటకు ముందు గణితమును కొంచెము తెలిసికొనవలెను.

2. గణితము చెప్పునదేమి?

కాపరులకు గణితమెందుకని ఎవరైనను అడుగవచ్చును. హెబ్రీ, గ్రీకు భాషలు రానివాడు మూలములో ఇట్లున్నదని చెప్పి వాదించినయెడల మనము అంగీకరింపము గదా! క్వాంటం శాస్త్రమునకు గణితమే మూలభాష.

ఈ భాషకు స్థిరమైన వ్యాకరణమును వ్రాసినవారిలో ముఖ్యుడు జాన్ వాన్ నాయ్‌మన్. ఆయన 1932లో జర్మను భాషలో ప్రకటించిన గ్రంథము పేరే "క్వాంటం యాంత్రికశాస్త్ర గణిత పునాదులు" అని అర్థమిచ్చును. హైజెన్‌బర్గ్ మాత్రికలును, ష్రోడింగర్ తరంగ సమీకరణమును ఒకే కట్టడము యొక్క రెండు ముఖములని అందులో హిల్బర్ట్ అంతరాళము అను భావము ద్వారా ఆయన క్రమముగా చూపెను.

ఆ కట్టడమును సామాన్యమైన మాటలలో ఇట్లు చెప్పవచ్చును. ఒక కణము యొక్క స్థితి ఒక బాణపు గుర్తు వంటిది. దాని పొడవు ఒకటి. మనము కొలువగోరిన ప్రతి విషయమునకును పరస్పరము లంబముగా నుండు కొన్ని అక్షములు గలవు. ఒక్కొక్క అక్షము ఒక్కొక్క ఫలితము. బాణము ఏ అక్షము మీద ఎంత నీడ వేయునో ఆ నీడ పొడవును వర్గము చేసినయెడల ఆ ఫలితము వచ్చు సంభావ్యత దొరకును. దీనిని 1926లో మాక్స్ బార్న్ చెప్పెను. బాణము ఒక అక్షమునకు 30 డిగ్రీల కోణములో నున్నయెడల ఆ ఫలితము నూటికి 75 పాళ్లు, లంబముగా నున్న రెండవ ఫలితము 25 పాళ్లు. మొత్తము ఎల్లప్పుడును నూరే. ఇది మనము బడిలో నేర్చుకొన్న పైథాగరస్ సిద్ధాంతమే.

కొలతల క్రమము మారినయెడల ఫలితము మారును. చలువ కళ్లద్దములలో వాడు పోలరాయిడ్ పలకలను రెంటిని లంబముగా నిలిపినయెడల వెలుతురు దాటదు. ఆ రెంటి నడుమ 45 డిగ్రీల కోణములో మూడవ పలకను ఉంచినయెడల, ఆదర్శ పలకలైనచో, మొదటి వెలుతురులో ఎనిమిదవ వంతు దాటివచ్చును. అడ్డు పెంచితే వెలుతురు వచ్చుట వింతగా తోచును. అయితే నడిమి పలక కేవలము జల్లెడ కాదు. అది కాంతి స్థితినే మార్చుచున్నది. లెక్క తేలికైనదే: సగములో సగములో సగము.

ఇక సమస్య ఎక్కడ? వాన్ నాయ్‌మన్ గ్రంథములో స్థితి రెండు విధములుగా మారును. ఎవరును కొలువనంతవరకు ష్రోడింగర్ సమీకరణము ప్రకారము బాణము నెమ్మదిగా, నిశ్చయముగా తిరుగుచుండును. ఇక్కడ యాదృచ్ఛికత ఏమియు లేదు. కొలత జరిగినప్పుడు మాత్రము బాణము హఠాత్తుగా ఏదో ఒక అక్షము మీద వ్రాలును. ఏ అక్షమో ముందు చెప్పలేము. అయితే కొలత యంత్రమును పరమాణువులతో చేయబడినదే గదా! అది మొదటి నియమమును విడిచి రెండవ నియమమునకు ఎప్పుడు, ఎందుకు లోబడుచున్నది? ఇదే కొలత సమస్య.

దీనికి జవాబులు అనేకములు. డేవిడ్ బామ్ 1952లో చెప్పిన ప్రకారము కణమునకు ఎల్లప్పుడును నిశ్చితమైన స్థానము గలదు, దానిని తరంగము నడిపించుచున్నది, అంతయు కారణబద్ధమే. 1957లో హ్యూ ఎవరెట్ చెప్పిన ప్రకారము బాణము ఎన్నడును వ్రాలదు. ఫలితములన్నియు వేర్వేరు శాఖలలో నెరవేరును. ఇక్కడను మూల నియమములో యాదృచ్ఛికత లేదు. 1986లో గిరార్డి, రిమిని, వెబర్ అను ఇటలీ దేశస్థులు సమీకరణమునే మార్చి, బాణము తనంతట తానే అప్పుడప్పుడు వ్రాలునని ప్రతిపాదించిరి. నీల్స్ బోర్ సంప్రదాయము వేరు. వీటిలో మూడవది తప్ప మిగిలినవి ఇప్పటి ప్రయోగములకు ఒకే జవాబు నిచ్చును. మూడవదియు స్వల్ప భేదమునే చూపును. క్వాంటం శాస్త్రము ఇట్లు నిరూపించినదని ఎవరైనను చెప్పినప్పుడు, శాస్త్రమా, లేక ఈ వ్యాఖ్యానములలో ఒకటియా అని ముందుగా అడుగవలెను.

3. ఒక నిరూపణ కథ

కారణము లేదని గణితమే నిరూపించినదను మాటకు ఒక చరిత్ర గలదు. అది మనకు గొప్ప పాఠము.

1932 గ్రంథములో వాన్ నాయ్‌మన్ ఒక సిద్ధాంతమును చూపెను. ఫలితములను ముందే నిర్ణయించు గుప్త చరరాశులు క్వాంటం శాస్త్రము క్రింద దాగియుండజాలవని దాని సారాంశముగా లోకము గ్రహించినది. అంత గొప్ప గణితవేత్త చెప్పెను గనుక అనేకులు ఆ తలుపు మూయబడినదని ఎంచిరి.

1935లో గ్రెటె హెర్మన్ అను జర్మను స్త్రీ ఆ నిరూపణలోని సందును చూపెను. ఆమె ఎమ్మీ నోథర్ యొద్ద గణితములో పరిశోధన చేసినది. కాంట్ తత్త్వశాస్త్రమందు నిష్ఠ గలది. 1934లో లైప్‌సిగ్ వెళ్లి హైజెన్‌బర్గ్‌తోను, ఆయన శిష్యుడు కార్ల్ ఫ్రెడరిక్ వాన్ వైజ్‌సాకర్‌తోను కారణత్వమును గూర్చి చర్చించినది. ఆమె వ్రాసినదానిని భౌతికశాస్త్రజ్ఞులలో ఎక్కువమంది చాలకాలము గమనింపలేదు. 1952లో బామ్ ఒక ఉదాహరణమునే కట్టి చూపెను. 1966లో ప్రకటితమైన వ్యాసములో జాన్ బెల్ అదే సందును మరల స్పష్టపరచెను.

ఆ సందు ఏమి? ఒక కణపు స్పిన్‌ను తూర్పు దిక్కున కొలిచినయెడల ఫలితము +1 లేక −1. ఉత్తరమున కొలిచినను అంతే. ఈశాన్యమున కొలిచినను అంతే. క్వాంటం గణితములో తూర్పు, ఉత్తర రాశుల మొత్తము ఈశాన్య రాశికి 1.414 రెట్లు, అనగా ఆ మొత్తమును కొలిచినయెడల ఫలితము +1.414 లేక −1.414. కాని +1, −1 అను సంఖ్యలను ఎట్లు కూడినను 2, 0, −2 మాత్రమే వచ్చును. కాబట్టి విడి విలువలు కూడవు. సగటులు మాత్రమే కూడును. వాన్ నాయ్‌మన్ సగటులను గూర్చిన నియమమును, విలువలు నిశ్చితముగా నున్న ఊహా స్థితులకును విధించెను. అటువంటి స్థితిలో సగటును విడి విలువయు ఒకటే గనుక, అట్టివి అసాధ్యమను ముగింపు ఆ నియమములోనే ఇమిడియున్నది. ఆయన ఉద్దేశము అంతకంటె పరిమితమైనదని వాదించు పండితులును నేడు గలరు. అయినను దశాబ్దములపాటు దానిని ఉపయోగించిన తీరు మాత్రము మితిమీరినది.

సిద్ధాంతము తాను ముందుగా ఒప్పుకొన్న మాటలకు మించి ఏమియు చెప్పదు. మన దైవశాస్త్ర తర్కములోను ఇదే సత్యము. గొప్పవాడు చెప్పెనను కారణమున పాతికేండ్లు, ముప్పదియేండ్లు ఎవరును పునాదిని తట్టి చూడకపోవుట సంఘములోను జరుగుచునే యున్నది.

నిజముగా మూయబడిన తలుపు వేరొకటి. 1964లో బెల్ దానిని చూపెను. ఒకే మూలమునుండి వచ్చిన రెండు కణములు దూరదూరముగా పోవుచున్నవనుకొందము. ఒకచోట అ లేక ఆ అను కొలతను, మరియొకచోట ఇ లేక ఈ అను కొలతను చేయుదుము. ప్రతిదాని ఫలితము +1 లేక −1. ఆ నాలుగు ఫలితములును ముందే నిర్ణయమై, ఒకచోటి కొలత రెండవచోటి ఫలితమును తాకనియెడల, అ×(ఇ+ఈ) + ఆ×(ఇ−ఈ) అను లెక్కను చూడుడి. ఇ, ఈ సమానమైతే రెండవ భాగము సున్న. భిన్నమైతే మొదటి భాగము సున్న. ఎట్లయినను మొత్తము +2 లేక −2. కాబట్టి సగటు 2ను మించరాదు. క్వాంటం శాస్త్రము 2.828 వరకు రావచ్చునని చెప్పుచున్నది. 1972లో క్లాజర్, ఫ్రీడ్‌మన్, 1982 నాటికి ఆలెన్ ఆస్పె బృందము ఇటువంటి హద్దులు దాటబడుచున్నవని చూపిరి. 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 1.3 కిలోమీటర్ల దూరములో ముఖ్యమైన సందులను మూసి ప్రయోగము చేసిరి. అక్కడను హద్దు దాటినది. 2022లో ఆస్పె, క్లాజర్, జైలింగర్‌లకు నోబెల్ బహుమానము లభించినది.

ఇందువలన తేలినదేమనగా, గుప్త చరరాశులు ఉన్నయెడల అవి దూరమును లెక్కచేయనివై యుండవలెను. కారణము లేదని తేలలేదు. ఈ సంబంధముతో కబురు పంపుటయు సాధ్యము కాదు. ఒక్కొక్కచోటి ఫలితములను విడిగా చూచినయెడల అవి కేవలము బొమ్మాబొరుసు వలె నుండును. కాబట్టి మన ప్రార్థన క్షణములో దేవుని చేరుట ఇట్లే యని చెప్పువారు, కబురు మోయలేనిదానిచేత ప్రార్థనను మోయించుచున్నారు.

4. పరిశీలకుడు ఎవరు?

ఇప్పుడు మొదటి వాదనకు వచ్చుచున్నాము. కొలత సమస్యకు జవాబుగా 1961లో యూజిన్ విగ్నర్ చైతన్యము గల పరిశీలకునికి ప్రత్యేక స్థానము నిచ్చెను. తరువాతి కాలములో ఆయనయే ఆ తలంపును విడిచెను. 1970లో హైన్జ్ డీటర్ జే, 1981 మొదలుకొని వోయ్‌చెక్ జూరెక్ చేసిన పనివలన, చుట్టునున్న గాలి అణువులు, వెలుతురు కణములు సహితము పెద్ద వస్తువుల అధ్యారోపణను బహు వేగముగా మరుగుపరచునని తెలిసినది. కొలత సమస్య ఇందుచేత పూర్తిగా తీరలేదు. కాని చంద్రుడు ఉండుటకు మనిషి కన్ను అవసరమని చెప్పుటకు ఆధారము తగ్గిపోయినది.

అయితే మా ముఖ్యమైన అభ్యంతరము దైవశాస్త్ర సంబంధమైనది. దేవుని చూపు ఒక కొలత అనుకొందము. రెండు సన్నని చీలికల గుండ ఎలక్ట్రాన్లను పంపినయెడల తెరమీద వెలుగునీడల చారలు ఏర్పడును. ఏ ఎలక్ట్రాన్ ఏ చీలిక గుండ పోయినదో ఎక్కడనైనను గుర్తు నమోదైనయెడల ఆ చారలు మాయమగును. దేవుని కన్నులకు మరుగైనది ఏదియు లేదని హెబ్రీ పత్రిక 4:13 బోధించుచున్నది. ఆయన చూపే కొలత అయినయెడల చారలు ఎన్నడును కనబడకూడదు. కాని కనబడుచున్నవి.

కావున రెండే మార్గములు. దేవుడు ఆ ఎలక్ట్రాన్‌ను ఎరుగడని చెప్పవలెను. లేదా దేవుని ఎరుక కొలత వంటిది కాదని ఒప్పుకొనవలెను. మొదటిది 139వ కీర్తనకు విరుద్ధము. రెండవదానిని ఒప్పుకొన్నయెడల, నిత్య పరిశీలకుడు రుజువైనాడను వాదన కూలిపోవును. సృష్టికర్త సృష్టిని తాకి, కదిపి, దానినుండి సమాచారము పొందువాడు కాడు. ఆయన ఎరుగుట సృష్టించి నిలుపువాని ఎరుక. ఆయనను ప్రయోగశాలలోని ఒక పెద్ద కన్నుగా చేయుట ఘనపరచుట కాదు, సృష్టిలో ఒక భాగముగా దించుటయే.

5. తరంగము, కణము, కల్కెదోను

రెండవ వాదనను కొందరు త్రిత్వమునకును, కొందరు క్రీస్తు స్వభావములకును వాడుచున్నారు. త్రిత్వమునకు వాడినయెడల ఒకే వస్తువు సందర్భమును బట్టి వేర్వేరుగా కనబడునని అర్థము వచ్చును. ఇది సంఘము మూడవ శతాబ్దములోనే త్రోసివేసిన సబెల్లియ వాదము. యౌవనులకు త్రిత్వమును సులభము చేయబోయి పాత దుర్బోధను క్రొత్త ప్రయోగశాలనుండి తెచ్చుట మనకు తగదు.

క్రీస్తు విషయములో పోల్కింగ్‌హార్న్ ఇంతకంటె జాగ్రత్తగలవాడు. తరంగ కణ ద్వంద్వము 1927లో పాల్ డిరాక్ క్షేత్ర సిద్ధాంతముతో అర్థవంతమైనదని ఆయన చెప్పుచున్నాడు. క్షేత్రములో కణముల సంఖ్య నిశ్చితముగా నుండు స్థితులు గలవు, నిశ్చితము కాని స్థితులును గలవు. తరంగ లక్షణము ఈ రెండవవాటికి చెందినది. ఇక్కడనే మేము ఆగి అడుగుచున్నాము: ఇది కల్కెదోనునకు దగ్గరి పోలికయా? కణముల సంఖ్య ఎంత నిశ్చితమైతే తరంగ లక్షణము అంత తగ్గును. బోర్ చెప్పిన పూరకత్వములోను రెండు చిత్రములు ఒకే ప్రయోగములో సంపూర్ణముగా కనబడవు. ఒకటి పెరుగగా ఒకటి తరుగును. క్రీ.శ. 451లో కల్కెదోను పితరులు చెప్పినది దీనికి భిన్నము. క్రీస్తు సంపూర్ణముగా దేవుడు, సంపూర్ణముగా మనుష్యుడు. గందరగోళము లేక, మార్పు లేక, విభజన లేక, ఎడబాటు లేక. ఆయన దైవత్వము పెరిగినందున మనుష్యత్వము తరుగలేదు. యెరూషలేములో పండ్రెండేండ్ల బాలుడుగా నున్నప్పుడును, గెత్సేమనేలో వేదనపడినప్పుడును ఆయన రెండును సంపూర్ణముగానే యుండెను.

మరియొక లోపము పోలిక క్రమములో గలదు. క్వాంటం శాస్త్రములో గణితము విషయమై అందరును ఏకీభవించిరి. అర్థము విషయమై విభేదించిరి. లెక్క ముందు, మాట తరువాత. సంఘ చరిత్రలో క్రింద అటువంటి లెక్క ఏదియు లేదు. అక్కడ ఆరాధన ముందు. యేసు ప్రభువని ఒప్పుకొని, ఆయన నామమున ప్రార్థించి, బాప్తిస్మమిచ్చిన తరువాత, ఆ ఆరాధనను కాపాడుటకు మాటలు సరిహద్దు రాళ్లుగా పాతబడినవి. కొందరు ఆ రాళ్లను అంగీకరింపకపోయినను అదే ప్రభువును ఆరాధించిరి. 1973లో ఆరవ పౌలు పోపును, కాప్టిక్ సంఘాధిపతి మూడవ షెనూదాయు కలిసి క్రీస్తును గూర్చి ఉమ్మడి ప్రకటన చేయగలుగుటకు ఇదియే కారణము. క్వాంటం శాస్త్రజ్ఞులను కలిపి యుంచునది సమీకరణము. సంఘమును కలిపి యుంచునది ఒక వ్యక్తి. రెంటిని బంధువులని పిలుచుటకు ముందు ఈ భేదమును గట్టిగా చెప్పియుండవలసినది.

6. సందులలో దేవుడు?

మూడవ వాదన అన్నిటికంటె బలమైనది, అపాయకరమైనది. 1958లో విలియం పోలార్డ్, తాను భౌతికశాస్త్రజ్ఞుడును గురువును అయి యుండి, ప్రతి క్వాంటం ఫలితమును దేవుడే నిర్ణయించుచున్నాడని వ్రాసెను. తరువాత బర్క్‌లీలోని రాబర్ట్ జాన్ రస్సెల్ దీనిని మరింత నేర్పుగా వివరించెను: ప్రకృతి నియమములను మీరకనే, నియమములు ఖాళీగా విడిచినచోట దేవుడు పనిచేయుచున్నాడు.

పోల్కింగ్‌హార్న్ దీనిని పూర్తిగా అంగీకరింపలేదు. కొలతలు అప్పుడప్పుడు మాత్రమే జరుగును గనుక దేవుని క్రియయు తునకలు తునకలుగా నుండునని ఆయన అభ్యంతరము. ఆయన కయోస్ సిద్ధాంతమువైపు మొగ్గెను. కాని కయోస్ సమీకరణములు కారణబద్ధమైనవే; అక్కడ మనకు తెలియకపోవుటయే గాని ఖాళీ లేదు. ఒక సందును విడిచి మరియొక సందును వెదకుట పరిష్కారము కాదు.

మా అభ్యంతరములు మూడు. ఒకటి, బామ్ చెప్పినదే, లేక ఎవరెట్ చెప్పినదే నిజమైనయెడల ఆ ఖాళీయే లేదు. మన దైవపాలన సిద్ధాంతము భౌతికశాస్త్రజ్ఞుల తరువాతి ఓటు మీద ఆధారపడవలెనా?

రెండు, బార్న్ నియమము ప్రకారము నూటికి 75 పాళ్లు ఒక ఫలితము రావలెను. దేవుడు ప్రతి ఫలితమును ఎన్నుకొనుచు, మొత్తములో మాత్రము ఆ పాళ్లను తప్పక నిలుపవలసినవాడైనయెడల, ఆయన స్వేచ్ఛ ఒక పట్టికకు బద్ధమైనది.

మూడు, ఇది కాపరులకు అన్నిటికంటె ముఖ్యము. రేడియో ధార్మిక పరమాణువు క్షీణించుట క్వాంటం సంభవము. దాని కిరణము ఒక కణములోని డి.ఎన్.ఎ.ను తాకి, కొన్నిసార్లు క్యాన్సరునకు దారితీయవచ్చును. ప్రతి క్వాంటం ఫలితమును దేవుడు ప్రత్యేకముగా ఎన్నుకొన్నయెడల, బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో మనమేమి చెప్పుదుము? దేవుడు ఆ కిరణమును చేతితో గురిపెట్టెనని చెప్పుదుమా? సభలో చప్పట్లు తెచ్చిన వాదన సమాధి యొద్ద మన నోరు మూయించును. దైవపాలనలో శ్రమను గూర్చిన ప్రశ్న ఏ సిద్ధాంతములోను సులభము కాదు. కాని ఈ వాదన దానిని అనవసరముగా క్రూరముగా చేయుచున్నది.

డీట్రిచ్ బాన్‌హోఫర్ 1944 మే 29న బెర్లిన్‌లోని టెగెల్ చెరసాలనుండి వ్రాసిన లేఖను ఇక్కడ తలంచుకొనవలెను. అప్పుడు ఆయన చదువుచున్నది భౌతికశాస్త్ర లోకదృష్టిని గూర్చి వైజ్‌సాకర్ వ్రాసిన పుస్తకము. గ్రెటె హెర్మన్‌తో లైప్‌సిగ్‌లో చర్చించినవాడే ఈయన. మన జ్ఞానములోని ఖాళీలను పూడ్చుటకు దేవుని వాడరాదనియు, జ్ఞానపు హద్దు వెనుకకు జరుగుకొలది అట్టి దేవుడును వెనుకకు జరుగుననియు, మనమెరిగినవాటిలోనే దేవుని కనుగొనవలెననియు బాన్‌హోఫర్ భావము. క్వాంటం శాస్త్ర పునాదులను చదివిన ఒక క్రైస్తవుడు చెరసాలలో చేరిన ముగింపు ఇది. మన ముగింపు దానికి వ్యతిరేక దిక్కున నుండుట శోచనీయము.

లేఖనములు సందును వెదకవు. చీట్లు వేయువాడు మనుష్యుడే యైనను తీర్పు ప్రభువు వశమని సామెతలు 16:33 నేర్పుచున్నది. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయములో మత్తీయ విషయమై చీట్లు వేయబడినవి. చీటి ఏ క్షణమున ఏ వైపునకు తిరిగినది, దేవుని వ్రేలు ఎక్కడ తాకినదని ఎవరును విచారింపలేదు. సమస్తమును క్రీస్తునందు నిలిచియున్నదని కొలొస్సయులకు 1:17 చెప్పునప్పుడు, నిశ్చితమైనదియు యాదృచ్ఛికమైనదియు రెండును ఆ సమస్తములో చేరియున్నవి. తోమా అక్వినాసు ప్రథమ కారణమును ద్వితీయ కారణములను వేరుపరచినప్పుడు చెప్పినది కూడ ఇదే: దేవుడు ఇతర కారణములతో పోటీపడు మరియొక కారణము కాడు, ఆవశ్యకముగా జరుగువాటిని ఆవశ్యకముగాను, యాదృచ్ఛికముగా జరుగువాటిని యాదృచ్ఛికముగాను ఉండజేయువాడు. ష్రోడింగర్ సమీకరణము నడచుచున్నప్పుడును, ఫలితము వ్రాలినప్పుడును ఆయనే ఆధారము.

7. ప్రసంగించువారికి కొన్ని సూచనలు

క్వాంటం శాస్త్రమును ప్రసంగములో ఎత్తుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెనని సహ కాపరులను, విద్యార్థులను కోరుచున్నాము. మేము చెప్పబోవునది ప్రయోగములో తేలినదా, లేక ఒక వ్యాఖ్యానమా? మేము ఆధారపడిన నిరూపణ ముందుగా ఏమేమి ఒప్పుకొన్నది? ఈ పోలికను చివరివరకు లాగినయెడల ఏ పాత దుర్బోధకు చేరును? రేపు శాస్త్రము మారినయెడల, మా మాట విని విశ్వసించినవాడు ఎక్కడ నిలుచును?

చివరి ప్రశ్న తేలికైనది కాదు. మన సంఘములలో ఇంజనీరింగు, భౌతికశాస్త్రము చదువు యౌవనులు అనేకులున్నారు. వేదికమీద చెప్పిన శాస్త్రము తప్పని తరగతిలో తెలిసికొన్న విద్యార్థి, వేదికమీద చెప్పిన పునరుత్థానమును కూడ అదే తక్కెడలో తూచును. 1 పేతురు 3:15 మన నిరీక్షణకు హేతువు చెప్పుమనుచున్నది. అది సాత్వికముతోను భయముతోను చెప్పుమని కూడ చేర్చుచున్నది. అబద్ధ సాక్ష్యము పలుకరాదను ఆజ్ఞ పొరుగువాని విషయములోనే గాక దేవుడు చేసిన ఎలక్ట్రాన్ విషయములోను మనలను బంధించుచున్నది.

ముగింపు

పోల్కింగ్‌హార్న్ గ్రంథమును చదువవద్దని మేము చెప్పుట లేదు, తప్పక చదువవలెను. సత్యమునకు లోబడి పాత తలంపులను దిద్దుకొను శాస్త్రజ్ఞుని క్రమశిక్షణను ఆయనవలె చూపినవారు తక్కువ. అయితే ఆ క్రమశిక్షణయే ఆయన పోలికలను పరీక్షింపుమని మనలను అడుగుచున్నది. పరీక్షించిన మీదట మాకు తోచినదేమనగా, క్వాంటం శాస్త్ర పునాదులనుండి వేదాంతి అరువు తెచ్చుకొనదగినది దేవుని గూర్చిన రుజువు కాదు, సందు కాదు, చిత్రమును కాదు. తన నిరూపణ పునాదిని తానే తట్టి చూచుకొను అలవాటును మాత్రము తెచ్చుకొనవచ్చును. గ్రెటె హెర్మన్ ఆ పని చేసినప్పుడు వినినవారు కొద్దిమంది. మన సెమినరీలలో అటువంటి ప్రశ్న అడుగు విద్యార్థి లేచినప్పుడు మనము వినవలెను.